ముక్కుగారి చొక్కా

ఒకప్పుడు మా వీధిలో ప్రతి ఇంటి వెనకా చెరకు రసాన్ని వెనిగర్‌గా పులియబెట్టే జాడీలు ఉండేవి. ఇప్పుడు మిగిలింది మా ఇల్లొక్కటే. జాడీలో రసం మీద తేలే మందపాటి పొరను మేం తల్లి అంటాం. మా తాత పెంచిన తల్లి ఈనాటికీ నా జాడీల్లో చల్లగా ఉంది.

నేను చదివింది పల్లెటూరి బడిలో. అయితేనేం, జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పకుండానే ఏది పండిందో వాసనతో చెప్పేవాణ్ణి. కళ్లకు గంతలు కట్టించుకుని మా బావమరిదితో పందెం గెలిచాను, వాడు ఇప్పటికీ ఒప్పుకోడు. ఫ్యాక్టరీవాళ్లు ఉద్యోగానికి పిలిస్తే వెళ్లలేదు. ఊరంతా నన్ను ముక్కుగారు అనే పిలుస్తుంది.

మా ఆవిడకు మాత్రం ఆ వాసన గిట్టదు. పెళ్లయిన కొత్తలోనే చట్టం చేసింది. చొక్కా పెరట్లో కొక్కేనికి తగిలించి, ఒళ్లు కడుక్కున్నాకే గడప దాటాలి. జాడీల కొట్టంలో ఆవిడ ఎన్నడూ అడుగు పెట్టలేదు.

మొన్న వానల్లో జ్వరం వచ్చి నా ముక్కు పోయింది. ముఖం మీద ఉంది గానీ పని మానేసింది. ఎవరికీ చెప్పలేదు. ముక్కు లేని ముక్కుగారిని ఎవరు లెక్కచేస్తారు? కిటికీ కింది జాడీ రేపు పొద్దున తీస్తానని హోటల్ వంటాయనకు మాటిచ్చేశాను కూడా. వేలు ముంచి నాకితే పులుపు బాగానే తగిలింది.

ఆ సాయంత్రం మా ఆవిడ నా చొక్కా ఉతకడానికి తీసి ఆగింది.

"కిటికీ కింది జాడీ దగ్గరికి వెళ్లొచ్చారా?"

"నీకెలా తెలుసు?"

"చొక్కా చెప్పింది. ఏ జాడీ సంగతి ఏమిటో అన్నం దగ్గర రోజూ మీరు చెప్పేదేగా. ఇంకా గోళ్ల రంగు వాసన కొడుతోంది, పండలేదు. అదా రేపు తీసేది?"

"పులుపెక్కిందే. నాలుక చెప్పింది."

"నాలుకను ఎప్పట్నుంచి అడుగుతున్నారు? పొద్దున పక్కనే పాలు మాడుతుంటే పేపరు చదువుకున్నారు. అప్పుడే అనుకున్నా." చొక్కా బకెట్లో ముంచింది. "పడమటి గోడ జాడీ తీయండి. మంగళవారం చొక్కా నాటికే అది పండిపోయింది."

"ఆ వాసన నీకు గిట్టదుగా?"

"గిట్టనిదే బాగా గుర్తుంటుంది. మీ అక్కగారి చెప్పుల చప్పుడు వీధి మలుపులోనే పోల్చనూ?"

మర్నాడు వంటాయన గిన్నె పట్టుకుని కొట్టంలోకి వచ్చాడు.

"కిటికీ కిందిదేగా, ముక్కుగారూ?"

ఔనంటే పరువు ఈపూటకు దక్కుతుంది. ఆ సరుకు హోటల్‌కి వెళ్లాక మా తాత పేరు మిగలదు. తల తిప్పి పెరట్లోకి కేక వేశాను.

"ఏమే, ఒకసారి ఇలా రా. నా ముక్కు పడకేసింది."

వంటాయన నోరు తెరిచాడు. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. జాడీల మధ్య నిలబడి కొంగు తీసి, ఒక్కసారి గాలి పీల్చి, మళ్లీ కప్పుకుంది.

"పడమటి గోడది."

వంటాయన చెంచాతో రుచి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే, ముక్కుగారూ. ఎప్పటి రుచే."

ముక్కుగారూ అని ఆయన అన్నది మా ఇద్దరిలో ఎవరినో నేను అడగలేదు. ఇన్నేళ్లూ రోజుకో చొక్కా చొప్పున ఆవిడకు పాఠం చెప్పింది ఎవరు? నేనే. ఇప్పుడు కొట్టంలోకి రోజూ ఆవిడే వస్తోంది, సణుక్కుంటూ. పని చీర తగిలించుకోవడానికి పెరట్లో ఇంకో కొక్కెం కావాలంది. కొట్టాను. వంకర లేకుండా కొట్టాను, కావాలంటే వచ్చి చూసుకోండి.