జిన్ సూది

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. సిద్దిపేటలో బస్సు కదలడం లేదు, బడి గంట మోగడం లేదు. ఆఫీసుల తలుపులకు తాళాలు, తాళాల మీద గులాబీ రంగు. ఊరంతా రోడ్డు మీదే కూర్చుని ఉంటే, స్వరాజ్యం మాత్రం కూర్చోలేక సతమతమయ్యేది.

నారాయణరావుపేటలో తాటిచెట్లెక్కి కల్లు గీసే రాజమల్లయ్య బిడ్డ ఆమె. ఏఎన్ఎం ట్రైనింగ్ చేసి, పట్టణంలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. ఆ కాంట్రాక్టు ఎన్నడూ పర్మినెంటు కాలేదు. భుజానికి టీకాల ఐస్ డబ్బా తగిలించుకుని గల్లీ గల్లీ తిరగడమే ఆమె బతుకు. సమ్మెలోకి వచ్చాక దీక్ష టెంటులో కూర్చోబెడితే, కూర్చున్న చోటే చెప్పులు తొడుక్కునేది, విడిచేది, మళ్ళీ తొడుక్కునేది.

"నువ్వు దీక్షకొచ్చినవా, బస్సుకొచ్చినవా స్వరాజ్యం?" అని పక్కవాళ్ళు ఆట పట్టించేవారు.

"బస్సు ఏడున్నది? బంద్ పెట్టింది మనమే గదా!" అనేది. కళ్ళు మాత్రం గల్లీ వైపే ఉండేవి.

పురుళ్ళు సమ్మెలోకి రావు కదా. పుట్టిన పిల్లలకు టీకాలు ఆపొద్దని సమ్మెలో ఉన్న నర్సులే తీర్మానం చేసుకున్నారు. అందుకే డబ్బా ఆమె పక్కనే ఉండేది. ఆ రోజు పొద్దున్నే దవాఖాన నుంచి తోటి నర్సు ఫోన్ చేసింది. స్వరాజ్యం తిరిగే గల్లీలోని షీబా కాన్పయింది, మగపిల్లవాడు, తల్లీ పిల్లా క్షేమం. కానీ ఇంటివాళ్ళు కామెర్ల సూది వద్దని, సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోయారు.

స్వరాజ్యం చెప్పులు ఈసారి విడవలేదు.

షీబా ఒంట్లో కామెర్ల వైరస్, హెపటైటిస్-బి, ఉంది. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షలో తేలింది. చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. ఆమె అన్నా అలాగే ఉండేవాడు. చివరికి కడుపు నిండా నీరు చేరి, పాతికేళ్ళు నిండకుండానే పోయాడు. ఈ వైరస్ కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు దాటుతుంది. పెద్దవాళ్ళకు సోకితే చాలామందికి దానంతటదే పోతుంది. పసివాళ్ళకు సోకితే మాత్రం ఎక్కువమందిలో తిష్ట వేసుకుని, ఏళ్ళ తర్వాత కాలేయాన్ని తింటుంది. పుట్టిన రోజే సూది పడితే చాలావరకు ఆపవచ్చు. రేపు అంటే ఆ మేరకు తలుపు తెరిచి పెట్టినట్టే.

గౌసియా బేగం ఇంటి గుమ్మంలో అడ్డంగా కూర్చుని ఉంది. షీబా అత్త.

"రా బిడ్డా, కూసో. చాయ్ తాగు. సూది మాట మాత్రం తియ్యకు."

"ఏమైంది చాచీ? నీ బిడ్డ పిల్లలందరికి నేనే ఏసిన గదా సూదులు?"

"అప్పుడు దాంట్ల జిన్ లేకుండె."

"జిన్నా?"

"జిన్నే. మా ఇషాక్ దవాఖానల చదివిండు, సీస మీదనే రాసి ఉన్నదంట. కంటికి కనబడనిది, నిప్పుల పుట్టింది. దాన్ని పసిగుడ్డుకు ఎక్కిస్తరా? తర్వాత ఎవడు దించుతడు? దర్గాలెంబడి నన్ను తిరగమంటవా?"

లోపల నుంచి ఆమె కొడుకు, షీబా భర్త ఇషాక్ తల బయట పెట్టాడు. ఇంటర్‌లో సైన్సు చదివి, మధ్యలో ఆపేసి ఆటో తోలుతున్నవాడు. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. "అమ్మీ, జిన్ కాదే! జీన్! జీ...న్!"

"నేను గదే అంటున్న."

స్వరాజ్యానికి నవ్వొచ్చింది, కానీ ఇషాక్ నవ్వలేదు. "అక్కా, ఆమె మాట ఇడువు. నా మాటకు జవాబు చెప్పు. సీస మీద ఆర్-డీఎన్ఏ అని ఉన్నది. డీఎన్ఏ అంటే జీన్సే గదా? బీటీ పత్తికి గట్లనే జేసిన్రు. విత్తనం మనది కాకుండ పోయిందని మొన్న టెంటుల మీవోళ్ళే చెప్పిన్రు, నేను చప్పట్లు కూడ కొట్టిన. ఇప్పుడు నా కొడుక్కు గదే సూది అంటున్నరు. రేపు వాడు నా కొడుకు లెక్కనే ఉంటడా?"

"గట్లేం కాదు."

"ఎట్ల కాదు? దాంట్ల జీన్ ఉన్నదా, లేదా? ఒక్క మాట చెప్పు."

స్వరాజ్యం డబ్బా తెరిచి సీసా తీసి చూసింది. ఉన్నాయి ఆ అక్షరాలు. ఇన్నేళ్ళుగా కళ్ళ ముందే ఉన్నాయి, గోడ మీది పాత పోస్టర్ లాగా. అవి ఏమిటని ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

"తెల్వదు," అంది.

"సూసినవారా!" గౌసియా కొడుకు వైపు తిరిగింది. "ఏసేదానికే తెల్వదు. మనకేం తెలుస్తది!"

గల్లీ మలుపులో నిలబడి స్వరాజ్యం పై అధికారికి ఫోన్ చేసింది. "అందులో జీన్ ఉందా సార్?" అని అడిగింది.

"లేదని చెప్పి వేసి రా. వాళ్ళకు సైన్సు క్లాసు పెడతావా? చెప్తే అర్థమవుతుందా వాళ్ళకు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. వాళ్ళు అంటే ఎవరు? తనకూ చెప్పలేదుగా మరి! ఆ ఏళ్ళలో జనం రోడ్డెక్కింది ఈ మాట మీదనే కదా. నీళ్ళు ఎటు పోతున్నాయని అడిగితే మీకు అర్థం కాదన్నారు. కొలువులు ఎవరికి పోయాయంటే మీకు అర్థం కాదన్నారు. అడిగినవాడికి జవాబు దొరకకపోతే ఆ జాగాలో పుకారు కాపురం పెడుతుంది. పుకారును తిట్టేవాళ్ళు జాగా ఖాళీగా ఎవరు ఉంచారో కూడా చెప్పాలి.

"లేదు" అని ఒక్క అబద్ధం ఆడితే పని అయిపోతుందేమో. కానీ సీసా మీద అక్షరాలున్నాయి, ఇషాక్‌కు చదువు వచ్చు. అబద్ధమని తేలిన రోజు ఆ గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోదు. స్వరాజ్యం దాదాపు ఉరుకుతున్నట్టే టెంటుకు వచ్చింది. పొద్దు నెత్తి మీదికెక్కింది.

టెంటులో కాలేజీ లెక్చరర్ ప్రమీలాదేవి దండ మెడలో వేసుకుని దీక్షలో ఉంది. జంతుశాస్త్రం చెబుతుంది. పక్కన మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. స్వరాజ్యం ఆమె చెవి దగ్గర వంగి సీసా చూపించింది.

"ఉన్నది, లేదు. రెండు నిజమే," అంది ప్రమీలాదేవి.

"మేడం, నన్ను ఆగం చెయ్యకున్రి. ఆడ పిలగాడు పుట్టి పూట గడిచింది."

"చెప్త విను. ఆ వైరస్‌కు పైన ఒక తొడుగుంటది. తొడుగు ఎట్ల తయారు చెయ్యాల్నో దాని జీన్‌ల రాసుంటది. ఆ ఒక్క ముక్క తీసి ఈస్ట్‌ల పెడ్తరు. మీ నాయిన కల్లు పొంగుతది చూడు, అది చేసేది ఈస్టే. ఆ ఈస్టు ఫ్యాక్టరీల కూసోని తొడుగులు తయారు చేస్తది. తొడుగుల్ని వేరు చేసి, శుభ్రం చేసి సీసల పోస్తరు. పిలగానికి పోయేది తొడుగే. ఒళ్ళు దాన్ని చూసి, గుర్తు పెట్టుకోని, రేపు నిజం వైరస్ వస్తే పట్టుకుంటది."

"జీన్ అసలే మిగలదా?"

"ఈస్టు ముక్కలు నలుసంత మిగలొచ్చు. అవి పిలగాని జీన్‌ల పోయి కలవయి. జీన్ వైద్యం అంటే వేరే. ఒంట్ల జీన్ చెడిపోయి రోగమొస్తే, మంచి జీన్‌ను లోపలికి పంపి బాగు చెయ్యాలని చూస్తున్నరు. ఇది గది కాదు. ఇది కాపలోనికి దొంగ ఫోటో చూపించుడు."

చెప్పి ఆగి, "రేపు జీన్ ముక్కనే లోపలికి ఇచ్చే టీకాలు కూడ రావచ్చు. వాటి మీద పరిశోధన నడుస్తున్నది. అప్పుడు కూడ అడగాలె: అది ఎందాక పోతది, ఎన్ని దినాలుంటది, మన జీన్‌ను ముడుతదా అని. పేరు పట్టుకోని కొట్లాడుడు కాదు, పని అడగాలె," అంది.

ఆ రేపు నిజంగానే వచ్చింది. కరోనా కాలంలో కొన్ని టీకాలు జీన్ రాసిన చీటీనే ఒంట్లోకి పంపాయి. ఆ చీటీ కొద్ది రోజులకు చిరిగిపోతుంది. దానితో మన జీన్లను తిరగరాయడం వాటి పని కాదు. అందుకే వాటిని జీన్ వైద్యం అనడం తప్పుదారి పట్టించే మాట. ఆ సంగతి ఓపికగా చెప్పినవాళ్ళు తక్కువ, అడిగినవాళ్ళను వెక్కిరించినవాళ్ళు ఎక్కువ. కానీ స్వరాజ్యం అప్పటికి అదంతా ఎరగదు. ఆమె తలలో ఉన్నది ఒక్కటే, ఆ రోజు పొద్దు.

గౌసియా బేగం గుమ్మంలోనే ఉంది. స్వరాజ్యం ఎదురుగా నేల మీద కూలబడింది.

"చాచీ, అడిగొచ్చిన. కల్లు పొంగుతది చూడు, దాంట్ల ఉండేది..."

"కల్లా!" గౌసియా రెండు చెంపలూ వేసుకుంది. "తౌబా తౌబా! పొద్దుగాల జిన్, ఇప్పుడు కల్లు! నమాజు చదివే ఇంట్ల పుట్టిన పిలగానికి కల్లు సూదా? లే, లే బిడ్డా, పో!"

ఇందాక నవ్వని ఇషాక్ ఇప్పుడు పగలబడి నవ్వాడు. "అక్కా, నీకు కల్లు తప్ప ఇంకో ముచ్చట దొరకలేదా?"

"మా నాయిన చెట్టెక్కెటోడు, నాకింకేం దొరుకుతది!" స్వరాజ్యానికి ఏడుపొక్కటే తక్కువ. "కల్లు కాదు చాచీ, ఆగు. నాన్ రొట్టె పిండి పొంగదా? పిండిల ఏమేస్తరు?"

"ఖమీర్."

"గదే! ఖమీరే!"

గౌసియా చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆమె తండ్రి నాన్ రొట్టెల భట్టీలో పనిచేసినవాడు. ఖమీర్ పొంగిన పిండి వాసనలో పెరిగింది. "ఖమీర్ అని ముందుగాల చెప్పొద్దా?" అని గద్దించింది. "మరి ఖమీర్ పిండిల బతుకుతది, భట్టీల చస్తది. సీసల బతికుంటదా?"

"ఉండది. అది చేసిన సామాను తీసుకోని, దాన్ని పక్కకు పెడ్తరు."

"అంటే జీన్ ఉన్నది," అన్నాడు ఇషాక్ నెమ్మదిగా, "కాని ఫ్యాక్టరీల ఉన్నది."

"అవును. లేదని చెప్పుమన్నరు నన్ను. నేను చెప్ప. చేసుట్ల ఉన్నది, ఇచ్చుట్ల లేదు. సూది పడ్డకాడ జర వాపు రావచ్చు, ఒళ్ళు జర ఎచ్చవడొచ్చు. నీ కొడుకు నీ కొడుకే ఇషాక్. గా పిలగాని ముక్కు సూడు, అచ్చం నీదే. ఏ సూదీ మార్చది దాన్ని."

ఇషాక్ తల్లిని చూశాడు. తల్లి కొడుకును చూసింది. అప్పుడు లోపలి మంచం మీద నుంచి గొంతు వినిపించింది. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో అందరూ మాట్లాడారు, షీబాను ఎవరూ అడగలేదు.

"సూది ఎయ్యి అక్కా. మా భాయ్ కడుపు ఎట్ల ఉబ్బిందో నేను చూసిన. వీళ్ళు చూడలే."

గౌసియా లేచి గుమ్మం వదిలింది.

పసివాడి తొడ స్వరాజ్యం బొటనవేలంత ఉంది. సూది దిగింది, ఇల్లు లేచిపోయేలా ఏడ్చాడు. "వాని గొంతు కూడ నీదే," అంది గౌసియా కొడుకుతో. మిగిలిన డోసులకు ఎప్పుడు రావాలో చెప్పి స్వరాజ్యం డబ్బా మూత పెట్టింది. భుజానికెత్తుకోబోతుంటే షీబా ఆమె కొంగు పట్టుకుంది.

"మరి నాకు?"

"ఏంది?"

"నా ఒంట్ల ఉన్నదానికి. ఈ సూది నాకు పనిచేస్తదా?"

స్వరాజ్యం డబ్బా కింద పెట్టింది. "చెయ్యది షీబా. ఇది రానోళ్ళకే. నీది లోపల ఎట్లుందో పెద్ద దవాఖానల చూస్తరు. మందులున్నయంటరు, నీకు కావాల్నో వద్దో వాళ్ళే చెప్పాలె. హైదరాబాద్ పోవాలె. బస్సులు మొదలైనంక..."

"బస్సులు ఎప్పుడు మొదలైతయి?"

"తెలంగాణ వచ్చినంక," అన్నాడు ఇషాక్, గోడ మీది నినాదం చదివినట్టు.

"అందాక ఆగుమని నా కడుపుకు ఎవరు చెప్తరు? నువ్వు చెప్తవా?"

దూరంగా టెంటు మైకులో పేర్లు పిలుస్తున్నారు, వాటిలో స్వరాజ్యం పేరు కూడా వినిపించింది. ఆమె వెళ్ళలేదు. ఇషాక్ వైపు తిరిగింది.

"షీబా ఒళ్ళు జర కుదుటపడనియ్యి, హైదరాబాద్ తీస్కపోదాం. ఆటోల ఎందాక పోతవు?"

"తొవ్వ పొడుగుత రాస్తారోకోలే అక్కా. నన్నెవడు ఇడుస్తడు?"

"రాస్తారోకోల కూసునేది నాతోటి సమ్మె జేసేటోళ్ళే. ముందు సీట్ల నేను కూసుంట. ఎవడన్న ఆపితే నేను మాట్లాడ్త. నువ్వు డీజిల్ సంగతి చూసుకో."