మాస్టారి మైట్

ఆ సుద్దముక్క ఊపుడు నేనింకా మర్చిపోలేదు. వన్ టౌన్‌లో మాకు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పిన మాస్టారు ఉదాహరణలన్నీ మా మీదే చెప్పేవారు. జరగొచ్చు అనడానికి ‘మే’, జరిగితే జరగొచ్చు అనడానికి ‘మైట్’. బట్టల షాపులవాళ్ళ పిల్లలందరికీ ‘మే’ దక్కేది. మాది మగ్గం నేసే ఇల్లు. నా దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క గాల్లో ఊపి, “నీకు ఉద్యోగమా? మైట్!” అనేవారు. క్లాసంతా నవ్వేది.

మొన్న కంకిపాడులో నేను నడిపే కోచింగ్ సెంటర్‌కి ఆయనే పని అడగడానికి వచ్చారు. నన్ను గుర్తుపట్టలేదు.

“అవకాశం ఉంటుందంటారా మేడమ్?”

ఖాళీగా ఉన్న ఒక్క పోస్టూ పొద్దున్నే వేరేవాళ్ళకి ఇచ్చేశాను. అయినా పెన్ను గాల్లో ఊపి, “మైట్ అండీ” అన్నాను.

రోజూ ఫోన్ చేస్తున్నారు. ఆశ చావకుండా రోజూ అదే మాట చెబుతున్నాను.