చేతులు వెనక్కి కట్టుకునే సార్

ఈమధ్య సిద్దిపేట హోటళ్లలో బిల్లుతోపాటు ఇచ్చే సోంపులో సోంపు తగ్గిపోయింది. గిన్నె నిండా రంగురంగుల చక్కెర గుళ్లు, వాటి మధ్య దారి తప్పినట్టు నాలుగైదు గింజలు. ఉచితంగా ఇచ్చేదాని మీద ఫిర్యాదు చేసే ధైర్యం నాకు లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. నిన్న మాత్రం బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో పెనం మీద వేయించిన అసలు సోంపు ఇచ్చారు. నోట్లో వేసుకోకముందే, ఆ వాసనకు నా రెండు చేతులూ వాటంతటవే వీపు వెనక్కి పోయాయి. ఎదురుగా కూర్చున్న మా ఆఫీసు ఆవిడ నడుము నొప్పా అని అడిగింది. కాదు, కనకయ్య సార్ అన్నాను. అది ఏ రకం నొప్పో ఆవిడకు అర్థం కాలేదు.

కనకయ్య సార్ ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. కాలేజీ మూతపడ్డాక పాత బస్టాండు వెనక సందులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. జర్దా మానేసినప్పటి నుంచి ఆయన జేబు నిండా వేయించిన సోంపు ఉండేది, ఫోన్ల దుకాణమంతా అదే వాసన. నేను బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసి, నా చదువుకు తగిన ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చేదాకా అని ఆయన దగ్గర పనికి కుదిరాను. మా ఇంట్లో చుట్టాలకు ‘సాఫ్ట్‌వేర్’ అని చెప్పుకున్నారు. ఫోన్ లోపల ఉండేదీ అదే కాబట్టి నేను ఖండించలేదు.

ఆ దుకాణంలో ఒక నియమం ఉండేది. మెయిల్ తెరుచుకోవడం లేదనో, పాస్‌వర్డ్ మర్చిపోయాననో ఎవరు వచ్చినా వాళ్ల ఫోన్ మేం ముట్టుకోకూడదు. మొదటి రోజే ములుగు నుంచి వచ్చిన ఒక రైతు కౌంటర్ మీద ఫోన్ పెట్టగానే నేను చటుక్కున అందుకున్నాను. సార్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ ఆయన చేతిలో పెట్టారు. “చేతులు ఎన్కకు పెట్టుకో బిడ్డా. అద్దం మీద వేలు ఆయనది, మాట మనది” అన్నారు. ఆ రైతు ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి పట్టుకుని నొక్కుతుంటే, సార్ చేతులు వెనక్కి కట్టుకుని, పిల్లాడి మొదటి అడుగులు చూస్తున్న తాతలా నిలబడ్డారు. అడుగులు సాయంత్రం దాకా పడ్డాయి. నాకది పద్ధతిలా అనిపించలేదు. గిరాకీని పక్క దుకాణానికి పంపడానికి కనిపెట్టిన శాస్త్రంలా అనిపించింది.

పద్మక్క వచ్చిన రోజు ఆ శాస్త్రానికి నిజమైన పరీక్ష ఎదురైంది. ఆమెది చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు గీసే నకాషీ పటాల వాళ్ల ఇల్లు. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేస్తున్నా, అవి ఇంట్లో మగవాళ్ల పేరు మీదే పోయేవి. మొదటిసారి తన పేరు మీద తనే దరఖాస్తు పెట్టుకుంటే, ఢిల్లీలో జరిగే ప్రదర్శనకు ఆమె పటాలు ఎంపికయ్యాయి. పొద్దున అక్కడినుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసిందట. మెయిల్ పంపితే మాటిమాటికీ తిరిగొస్తోందనీ, సాయంత్రం ఐదింటిలోపు దానికి జవాబుగా ఒప్పుకోలు రాకపోతే ప్రదర్శనలో ఆమె జాగ తర్వాతి వాళ్లకు ఇచ్చేస్తామనీ చెప్పింది. పద్మక్క పాత ఫోన్ బొమ్మల మాస్కులు చేయడానికి కాచిన చింతగింజల బంకలో పడి అందులోనే సమాధి అయింది. కొత్త ఫోన్ మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆమె బస్సెక్కి మా దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది.

కొత్త మెయిల్ తెరిచి దాన్నుంచి పంపుదామని నేనన్నాను. అక్క ఢిల్లీకి ఫోన్ చేసి అడిగింది. దరఖాస్తులో రాసిన అడ్రసు నుంచే రావాలన్నారు. మరి ఆ అడ్రసు ఎవరు పెట్టిచ్చారని సార్ అడిగితే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో ఫోన్లు అమ్మినాయన, ఒకే ఇల్లు కదా అని, ఇంటిల్లిపాదికీ ఒకే మెయిల్ పెట్టిచ్చాడు, ఇంటికో గ్యాస్ కనెక్షన్ అన్నట్టు. మర్చిపోతే కోడ్ వెళ్లడానికి తన నంబరే ఇచ్చుకున్నాడు. ఆ నంబరు ఇప్పుడు లేదు, ఆయనా లేడు. అంతా ఆయనే చేసి పెట్టాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. సార్ నా వైపు చూడలేదు. చూడకుండానే చూసినట్టయింది.

పద్మక్క సార్ చెప్పినట్టు ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అన్నచోట నొక్కింది. ‘ఇది మీరేనా?’ అన్న ప్రశ్న అదే మెయిల్ ఉన్న ఇంకో ఫోన్‌కు పోయింది. ఆ ఫోన్ బెజ్జంకిలో వరికోత మిషన్ నడుపుతున్న ఆమె తమ్ముడు రమేశ్‌ది. క్షణంలో జవాబొచ్చింది, కాదని. మళ్లీ నొక్కితే మళ్లీ కాదని. ఇంకొకసారి కాదంటే రేపటిదాకా తలుపు మూసేస్తానని తెర మీద హెచ్చరిక పడింది. సార్ ఆమెను ఆపి, ముందు తమ్ముడికి ఫోన్ కలపమన్నారు. వెనక మిషన్ మోత, దాని మీదుగా రమేశ్ గొంతు.

“అక్కా, ఎవడో మన మెయిల్ల దూరుతుండు. నేను రెండుసార్లు ఎల్లగొట్టిన.”

“దూరేది నేనేరా. ఈసారి వస్తే అవునని ఒత్తు.”

అవతల మిషన్ ఆగింది. “నువ్వు మా అక్కవే అని గ్యారంటీ ఏంది? మొన్న ఊర్ల పోలీసోళ్లు మీటింగ్ పెట్టి చెప్పిన్రు. దొంగలు గొంతు గూడ అచ్చం గట్లనే చేసి మాట్లాడుతున్రంట.”

నాకు గడియారం తప్ప ఏమీ కనిపించలేదు. నాలుగు దాటింది. సార్ మాత్రం నెమ్మదిగా, “వానిది తప్పు లేదమ్మా. మన మొకం వానికి కనవడ్తలేదు” అన్నారు. ఇంత ఆపదలో కూడా ఎదుటివాడి న్యాయం వెతికే మనిషి పక్కన నిలబడడం చాలా కష్టం. వీడియో కాల్ చేద్దామంటే, ముఖాలు కూడా తయారు చేస్తున్నారని రమేశ్ అప్పటికే విని ఉన్నాడు. పద్మక్క కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకుని, ఆ రోజంతటిలోకీ ప్రశాంతంగా మాట్లాడింది.

“రమేశు, నువ్వు స్పీకర్ల ఉన్నవ్. ఈడ దుకాణం నిండ మనుషులున్రు. పిల్లను చూస్తందుకు పోయిననాడు డిగ్రీ పాసైన అని చెప్పినవ్. ఏం పాసైనవో చెప్పాల్నా?”

దుకాణంలో ఉన్నది మేం ముగ్గురమే. సార్ తలూపారు, పద్మక్క మూడోసారి నొక్కింది. ఈసారి అవుననే వచ్చింది.

కొత్త పాస్‌వర్డ్ ఆమే పెట్టుకుంది. ఆ కాసేపు సార్ గోడవైపు తిరిగారు, నన్నూ తిప్పారు. తలుపు తెరుచుకున్నాక తెలిసింది, లోపల అడుగు పెట్టే జాగ లేదని. ఇంటిల్లిపాది ఫొటోలూ వీడియోలూ ఆ ఒక్క మెయిల్లోకే చేరి, దాన్ని కిక్కిరిసేలా నింపాయి. ఢిల్లీ మెయిల్ తిరిగిపోతున్నది అందుకే. పెద్దవన్నీ రమేశ్ పెళ్లి బారాత్ వీడియోలు. తీసేస్తే చాలు. పద్మక్క వేలు ఆ బటన్ మీదికి పోయింది. “అడుగమ్మా. గవి నీయి గావు” అన్నారు సార్.

నాలుగున్నర దాటిన సమయంలో, బారాత్ వీడియో తీసేయడానికి అనుమతి. నా చేతులు వెనక ఒకదాన్నొకటి పట్టుకుని ఆపుకుంటున్నాయి. పది తలలకూ రంగుల కిరీటాలు పెట్టుకున్న రావణుణ్ణి తొణకకుండా గీసే పద్మక్క వేళ్లు ఆ చిన్న అద్దం మీద గురి తప్పుతున్నాయి. రెండుసార్లు తమ్ముడి నంబరు బదులు ఇంకెవరికో పోయింది. చివరికి దొరికాడు. ఆ రోజు తాను తాగి ఉన్నాననీ, ఆ వీడియోలు లేకపోతేనే తన కాపురానికి మంచిదనీ చెప్పాడు. తీసేసింది. చెత్తబుట్టలోంచి కూడా తీసేయాలని సార్ గుర్తుచేశారు. అదీ చేసింది. ఢిల్లీ అమ్మాయికి ఫోన్ చేసి, వచ్చీరాని హిందీలో మళ్లీ పంపమంది. మేం ముగ్గురం ఖాళీ తెర వైపు చూస్తూ నిలబడ్డాం. ఐదుకు ఇంకా కాస్త ఉందనగా మెయిల్ పడింది. వస్తున్నానని రాసి, కింద తన పేరు, ఊరి పేరు రాయమన్నారు సార్. ఆమె తన పేరు రాసి, ఒకసారి చూసుకుని, పంపింది. ‘పంపుతోంది’ అన్న అక్షరాలు తెర మీద అట్లాగే ఉండిపోయాయి. తర్వాత మాయమయ్యాయి. ఢిల్లీ నుంచి చేరిందని ఫోన్ వచ్చాకే నేను ఊపిరి పీల్చిన గుర్తు.

సార్ ఇప్పుడు లేరు. ఆయన పోయాక ఆ సందులో వేరే దుకాణం వచ్చింది. నేను ఇప్పుడు పనిచేసే చోట ఫోన్లతో తంటాలు పడేవాళ్లకు సాయం చేయడమే నా ఉద్యోగం. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. పొగరనుకునేవాళ్లున్నారు, బద్ధకమనుకునే మా ఆఫీసరున్నాడు. వాళ్లంతట వాళ్లు నొక్కి బయటపడిన మనుషులు మళ్లీ నా దగ్గరికి రారు, కాబట్టి వాళ్లేమనుకుంటారో నాకు తెలియదు. ఆయన నేర్పింది మెయిల్ బాగుచేయడం కాదు. అది నాకు కాలేజీలోనే వచ్చు, కనీసం మార్కుల మెమోలో అలాగే ఉంది. అవతలి మనిషి పనిని ఆ మనిషి చేతుల్లోంచి లాక్కోకుండా దాని పక్కన నిలబడగలగడం నేర్పారు. అది సరైనదేనా అంటే, చాలా రోజులు సరైనదే అంటాను. గడియారం చూడాల్సి వచ్చిన రోజుల్లో మాత్రం నాకు పద్మక్క గుర్తుకొస్తుంది.

ఆ సాయంత్రం టీ తాగడం అయ్యాక, ఆమె చేర్యాల బస్సుకు వేళైందని లేచింది. సార్ సంతోషంగా, చూశావా, అంతా నీ చేతులతో నువ్వే చేసుకున్నావన్నట్టు ఏదో అన్నారు. పద్మక్క ఫోన్ కొంగులో చుట్టుకుంటూ గడప దగ్గర ఆగి, ఆయన వెనక కట్టుకున్న చేతుల వైపు చూసింది.

“పనైంది గాబట్టి మీరు మంచోళ్లయిన్రు సార్. కాకపోతే?”