కొంగు పరీక్ష

మొన్న ఉప్పల్ మెట్రో లైను కింద గడ్డి కోస్తున్న మిషన్‌కు ఏదో గుడ్డపేలిక చుట్టుకుంది. మోటారు కీచుమని, గొంతు పట్టేసినట్టు మూలిగి ఆగిపోయింది. దారిన పోయేవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ శబ్దాన్ని నాకు మొదట వినిపించింది రూతు మేడమ్.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న షెడ్డు. ఇంజనీరింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. చెరువుల్లో జనాన్ని తిప్పే మోటారు పడవలకు ప్రొపెల్లర్ గార్డులు చేసేవాళ్ళం. నీళ్ళలో తిరిగే రెక్కల చుట్టూ బిగించే స్టీలు బోను అది. మనిషి కాలో చెయ్యో రెక్కలకు తగలకూడదు, అలాగని పడవ వేగం మరీ పడిపోకూడదు. పెద్ద సిమెంటు తొట్టిలో పడవను తాళ్ళతో కట్టి, మోటారు నడిపి పరీక్షించేవాళ్ళం. ఆ పరీక్షలకు ఇన్‌చార్జి రూతు మేడమ్. రోజూ మల్కాజిగిరి నుంచి స్కూటీ మీద వచ్చేవారు, వస్తూనే ఎవరినో ఒకరిని తిడుతూ.

మొదటి వారంలోనే పరీక్షల జాబితా రాసి చూపించాను: ముందుకు తోసే బలం, వెనక్కి లాగే బలం, మలుపు, పెట్రోలు ఖర్చు, చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్క ఇరుక్కోవడం, మనిషి కాలికి బదులు పెట్టి చూసే రబ్బరు కాలు. ఆమె కాగితం నా వైపే తోశారు.

“ఈ పడవల ఎవరు కూసుంటరు?”

“జనం, మేడమ్.”

“జనం బట్టల్లేకుండ కూసుంటరా? మీ అమ్మ ఏం కడ్తది?”

“చీర.”

“మరి చీరేది తమ్మీ దీంట్ల?”

మర్నాడు ఇంటి నుంచి తన పాత చీర తెచ్చారు. ఇసుక బస్తాకు దాన్ని చుట్టి, పైన లైఫ్ జాకెట్ తొడిగి, పడవ వెనుక బల్ల మీద కూర్చోబెట్టారు. కొంగు నీళ్ళలోకి వదిలారు. రబ్బరు కాలిని ఆపిన బోను కొంగును ఆపలేదు. కమ్మీల సందుల్లోంచి బట్ట లోపలికి పీల్చుకుపోయింది. మోటారు మూలిగి ఆగేలోపే బస్తా నీళ్ళలో పడింది. రెక్కలకు చుట్టుకున్న కొంగు కిందికి పట్టేయడంతో లైఫ్ జాకెట్ దాన్ని తేల్చలేకపోయింది.

సందులు ఇంకా చిన్నవి చేస్తే నీళ్ళు అందక పడవ కదలదు. ఉపాయం కూడా ఆమే చెప్పారు: వెనుక బల్ల తీసేసి, కొంగు నీళ్ళలోకి జారకుండా అక్కడ ఎత్తుగా పలక బిగించాలి. గార్డులు కొనడానికి వచ్చిన పడవల కాంట్రాక్టరు ముందు మళ్ళీ అదే పరీక్ష చేసి చూపించారు. అతను తల అడ్డంగా ఊపాడు.

“ఆ బల్ల మీద ఇద్దరు కూసుంటరు మేడమ్. నా పొట్ట మీద కొడ్తవా?”

“ఆ ఇద్దర్ని నీళ్ళల్ల ముంచుతవా మరి?”

మా ఓనరు అడ్డొచ్చాడు. “రూల్‌ల చీర టెస్టు లేదు మేడమ్. కాలు పాసయింది గదా, సంతకం పెట్టుండ్రి.”

“చెరువుకు మీ రూలు సదువొస్తదా సార్?”

“జర బీపీ గోలి ఏస్కోండ్రి.”

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఈ రోజుకీ అరగలేదు. మేడమ్ రెక్కలకు చుట్టుకున్న చీరను పీకి, నీళ్ళు కారుతుండగానే కాంట్రాక్టరు ముందున్న చాయ్ గ్లాసుల మీద పడేశారు.

“తీస్కపో. మీ ఆమెకు కట్టి ఆ బల్ల మీద కూసోబెట్టు. అప్పుడు పెడ్త సంతకం.”

నవ్వు ఆగింది. సంతకం ఓనరే పెట్టుకున్నాడు. గార్డులు వ్యానెక్కి వెళ్ళిపోయాయి, మేడమ్‌ను స్టోర్స్‌లోకి మార్చారు. ఆ తరువాత షెడ్డులో ఆమె గొంతు గురించి మాట్లాడనివాడు లేడు, కొంగు గురించి మాట్లాడినవాడు లేడు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేశారు. వెళ్తున్న రోజు గేటు దగ్గర అడిగాను, కొంచెం మెల్లగా చెప్పి ఉంటే వినేవాళ్ళేమోనని.

“మెల్లగ శానాసార్లు చెప్పిన తమ్మీ. ఒక్కనికన్న యాదికున్నదా? ఒర్రింది మాత్రం అందరికీ యాదికుంటది.” స్కూటీ స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు.

ఆ గార్డులు ఏ నీళ్ళలో తిరుగుతున్నాయో నాకు తెలియదు. అడిగితే ఓనరు చెప్పలేదు. అందుకే ఏ చెరువుకు వెళ్ళినా నా కళ్ళు పడవల వెనుక బల్లల మీదికే పోతాయి. పోయిన ఆదివారం బయలుదేరుతున్న ఒక పడవలో వెనుక బల్ల మీద కూర్చున్న ఒకావిడ కొంగు అంచు మీంచి నీళ్ళలోకి జారుతోంది. “అమ్మా, కొంగు దోపుకో” అన్నాను. ఇంజను మోతలో ఆమెకు వినపడలేదు. అరిచాను.

“నీకేంది బై?” అన్నాడు పడవవాడు.

ఇంకా గట్టిగా అరిచాను. గట్టు మీది జనమంతా నా వైపు తిరిగారు. ఆమె నన్ను చిరాకుగా చూస్తూనే కొంగు లాక్కుని నడుముకు దోపుకుంది.