కట్టు మీది బాణం

ఆ రోజుల్లో అబద్ధానికి కూడా ఒక మర్యాద ఉండేది. చెప్పినవాడు మరిచిపోయినా విన్నవాడు దాన్ని భద్రంగా ఇంటికి తీసుకుపోయి వాడుకునేవాడు. (ఇప్పుడు నేనెంత కష్టపడి చెప్పినా మా ఇంట్లో పిల్లలు మధ్యలోనే లేచిపోతున్నారు.) రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం అది. నేను కుప్పం నుంచి వచ్చి మదనపల్లెలో ఒక మిషను ఆస్పత్రిలో గాయాలకు కట్లు కట్టే పని నేర్చుకుంటూ ఉండేవాణ్ణి. మేం ఆరుగురం. మాకు నేర్పే పెద్ద నర్సుకు మేం పెట్టుకున్న పేరు మిరపకాయ సిస్టరు. ఆమె మాట ఎంత ఘాటో చెయ్యి అంత మెత్తన.

ముసలివాళ్ల చర్మం అంటే ఆమెకు ప్రాణం. "ఉల్లిపొర అనుకోండి. పట్టి లాగితే మీ చేతికే వచ్చేస్తుంది" అనేది. గోళ్లు కత్తిరించుకోవాలి, ఉంగరాలు తీసేసి రావాలి, మనిషిని జరపాలంటే చెయ్యి పట్టి లాగకుండా కింది దుప్పటితో సహా ఎత్తాలి. అయినా చర్మం చీరుకుని లేస్తే, దాన్ని కత్తిరించి పారెయ్యకూడదు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడిగి, తడి దూదితో మెల్లమెల్లగా దాని చోటికి దాన్ని పరిచి, వాసెలిన్ గుడ్డ వేసి కట్టాలి. ఇది చేతికి అలవాటు కావాలని మా ముందు గిన్నెల్లో కాచిన పాలు పెట్టి, మీగడను ఒక పక్కకు జరిపి మళ్లీ చిరగకుండా పరచమనేది. (నా మీగడ రోజూ చిరిగేది. సాక్ష్యం మిగలకుండా చేసే ఉపాయం నాకు తెలుసు గనక ఆ ఏడాది కాస్త ఒళ్లు చేశాను.) అంతా అయ్యాక కట్టు మీద సిరాతో ఒక బాణం గియ్యాలి. చర్మాన్ని ఏ వైపుకు పరిచామో ఆ వైపుకే కట్టు విప్పాలనడానికి అది గుర్తు. ఎదురు లాగితే అతుక్కున్నది కాస్తా మళ్లీ లేచి వస్తుంది.

ఆమెకు ఇంకో నియమం ఉండేది. రోగికి ఒక్క అబద్ధం చెప్పినా పెట్టె సర్దుకోవాలి. అప్పటికే ఒకడు సర్దుకున్నాడు. నేనూ సర్టిఫికెట్టు లేకుండా తిరిగిపోతే కుప్పంలో మా మామ చింతపండు మండీలో జీవితాంతం బస్తాలు మొయ్యడమే.

ఇట్లా ఉండగా పుంగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక ముసలాయన వచ్చాడు. బండి దిగుతుంటే పెద్దకొడుకు సాయానికని చెయ్యి పట్టుకున్నాడట, మోచేతి కింద చర్మం తడిసిన కాగితంలా లేచిపోయింది. నేనే పరిచి కట్టు కట్టాను. సిస్టరు చూసి "ఫరవాలేదు" అంది. ఆమె నోట అంతకు మించిన పొగడ్త లేదు. అదే నా తలకెక్కింది.

"ఇదేందప్పా, ఈ బాణం యాలకి?" అన్నాడు ముసలాయన.

"నీళ్లు యాడుండాయో సూపిస్తాది తాతా. మీ చేన్లో పొద్దుపొడిచే దిక్కుకు తిరిగి చెయ్యి రొమ్ముకు ఆనించుకో. బాణం యా పక్కకుంటే ఆ పక్క తవ్వు."

ఆయన నవ్వలేదు. ఆ మెట్టసీమలో నీళ్ల మాట చెబితే ఎవరూ నవ్వరని కుప్పంలో పుట్టిన నాకైనా తెలిసుండాల్సింది.

ఐదో రోజు కట్టు విప్పించుకోవడానికి రమ్మంటే రాలేదు. వారం దాటింది. ఆ పల్లె నుంచి జ్వరానికి వచ్చిన ఒకామె నాతో అంది: "ఆయప్ప రాడప్పా. కట్టు ఇప్పితే బాణం పోతాది గదా. నీళ్లు పడేదాకా ఇప్పడంట. ముగ్గురు కొడుకులూ బాయి తవ్వతాండారు." ఇవేవీ తెలియని సిస్టరు, "పుండు కుళ్లితే చెయ్యి పోతుంది. కట్టింది నువ్వే గదా, పద. నేనూ వస్తా" అంది.

అప్పట్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తొయ్యాలి. అందరూ ముందుకు తోస్తుంటే నేనొక్కణ్ణి వెనక్కి లాగాను. పుంగనూరులో దిగి నాలుగు మైళ్లు నడక. నిజం చెప్పేద్దామని ఆ దారిలో తీర్మానించుకున్నాను. అలవాటు లేని పని గనక వాక్యాన్ని మూడు రకాలుగా కూర్చుకుని చూసుకున్నాను.

చేన్లో రెండు మట్ల లోతు గుంత, అంటే ఇద్దరు మనుషుల నిలువు. లోపల ముగ్గురు కొడుకులు చెమటలు కక్కుతూ రాయి కొడుతున్నారు. గట్టు మీద ముసలాయన చెయ్యి రొమ్ముకు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

"రాండి సిస్టరమ్మా," గుంతలోంచి పెద్దకొడుకు అన్నాడు, "మీ ఆస్పత్రి బాణం సూపించిన తావే ఇది."

సిస్టరు నిదానంగా నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచాను. "తాతా, ఆ బాణం..." అన్నానో లేదో ముసలాయన మంచి చేత్తో నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. గుంతలోకి వినబడని గొంతుతో, సిస్టరుకు మాత్రం వినబడేటట్టు అన్నాడు:

"నోరు మూసుకోప్పా. ఈ తావు మా నాయన సూపించిండేది. ముప్పై ఏండ్లుగా సెప్తాండాను, ముసలోని మాట గదా అని నా కొడుకులు ఇన్లేదు. ఆస్పత్రి బాణమనేసరికి గడ్డపారలెత్తినారు. నువ్వు సెప్పినట్టు నిలబడితే అది పక్కోని చేను సూపించింది. నేనే తిరుక్కుని తిరుక్కుని ఈడికి తెచ్చినా."

సిస్టరు ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. బాణం ఉన్న వైపుకే కట్టు విప్పింది. చర్మం దాని చోట అది అతుక్కుని ఉంది, వేలెడంత తప్ప. కొత్త గుడ్డ వేసి, కట్టు కట్టి, సిరా తీసి పద్ధతి ప్రకారం బాణం గీసింది.

"యా పక్కకుండాది సిస్టరమ్మా?" గుంతలోంచి అడిగాడు కొడుకు.

సిస్టరు సిరా బుడ్డికి మూత బిగించింది. "ముందెట్లుండాదో అట్లే" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

తిరుగుదారిలో ఆమె అంది: "నిన్ను పంపెయ్యాలి. పంపితే కారణం రాయాలి. రాస్తే నేను గీసిన బాణం సంగతీ రాయాల్సొస్తుంది." పెట్టె సర్దుకోవడం తప్పింది గానీ, నెల రోజులు వార్డులోని ముసలివాళ్లందరి గోళ్లూ నేనే కత్తిరించాను.

నీళ్లు పడ్డాయా అని అడుగుతారు. పడ్డాయి. ఎన్ని మట్ల లోతులో అంటే మాత్రం చెప్పను, మీరు నమ్మరు. సర్టిఫికెట్టు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఒక్క నిజం చెప్పడానికి నాలుగు మైళ్లు నడిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం బెంగా కలుగుతుంది. ఆ పెద్దమనిషి ఆ రోజు చెప్పనిచ్చి ఉంటే, వాడికి నిజం రుచి తెలిసి ఉండేదేమో.