పాత గోడల మీద కొత్త శ్లాబు

మా జీవరత్నం పిన్ని నగరం అనే పల్లెటూళ్ళో ఎలిమెంటరీ స్కూలు పంతులమ్మ. 1981 వేసవిలో తాటాకిల్లు తీయించి శ్లాబు వేయించింది. గోడలు మాత్రం పడగొట్టనివ్వలేదు. కూలికెళ్ళే అత్తమావలు సొంతంగా ఇటుక కోసి, కాల్చి, బంకమట్టితో కట్టుకున్న గోడలవి. డెబ్భై ఏడు తుపానుకి తాటాకంతా ఎగిరిపోయినా అవి కదల్లేదు.

సింహాద్రి మేస్త్రి తట్టి చూసి, "మోస్తాయండి" అన్నాడు.

శ్లాబు పోసేక అసలు భయం మొదలైంది. పగలకుండా దాని మీద నీళ్ళు నిలబెట్టాలి కదా! చుట్టూ గట్లు కట్టేరు. ఎన్ని నీళ్ళు పోస్తే అంత గట్టి అని వీధివీధంతా బిందెలు మోసింది. రెండ్రోజులకి వంటింటి గోడలోంచి ఎర్రటి బురద కారింది. గోడకి పొట్టొచ్చేసింది. నీళ్ళు లోపలికి దిగి ఇటుకల మధ్య మట్టిని నానబెట్టేసేయి.

"నీళ్ళు ఆపాలండి పంతులమ్మగారూ" అన్నాడు సింహాద్రి.

"ఆపితే?"

"శ్లాబు బీటలిచ్చేద్దండి."

"ఆపకపోతే?"

"గోడ కూలిపోద్దండి."

"ఒక్క మంచిమాట చెప్పవయ్యా బాబూ!"

"ఆయ్... శ్లాబుని మోస్తా కింద కర్రలింకా ఉన్నాయండి."

సుందరరావు బాబాయి అందుకున్నాడు. "పడగొట్టేద్దామని ముందే చెప్పేను."

"చెప్పేరు. ఇప్పుడెళ్ళి గట్లు తెంపండి."

నీళ్ళు పోయేయి. పైన ఎండ మండిపోతోంది. పిన్ని చెంగు దోపుకుని కాలవలోకి దిగి గుర్రపుడెక్క లాగడం మొదలెట్టింది.

"పంతులమ్మకి మతిపోయిందర్రా!" అంది పక్కింటి అచ్చాయమ్మ.

"పోతే పోయింది గానీ వదినా, ఆ గంప ఇటందుకో!"

అంచులు వదిలేసి ఆ తడి డెక్కని శ్లాబంతా జానెడు మందాన పరిచేరు. తడీ ఆరలేదు, గోడల్లోకి నీళ్ళూ దిగలేదు. శ్లాబు దక్కింది.

వంటింటి గోడ దక్కలేదు. "దీన్ని నమ్మలేనండి. కర్రలుండగానే తీసేసి కొత్తది కట్టెయ్యాలి" అన్నాడు సింహాద్రి. పిన్నే ముందు చెయ్యేసింది. ఒక్కో ఇటుకా ఊడదీసి, మట్టి గీకి అందించింది. "వీటితోనే కట్టు. సిమెంటుతో కట్టు."

ఆ సిమెంటూ గట్టిపడ్డాక కర్రలు తీసేరు. అందరూ వీధిలో నిలబడ్డారు. పిన్ని మాత్రం లోపలే ఉంది.

"బయటికెళ్ళండి పంతులమ్మగారూ!"

"నువ్వు లోపలున్నావుగా. తియ్యి."

వంటింట్లో ఆఖరి కర్ర బిగుసుకుపోయింది. సింహాద్రి సుత్తితో కొట్టేడు. రాలేదు. మళ్ళీ కొట్టేడు. కర్ర దభీమని పడింది. పైనుంచి కాస్త సిమెంటు పొడి రాలింది, అంతే. ఇద్దరూ తలెత్తి చూస్తూ ఉండిపోయేరు.

"ఆయ్" అన్నాడు సింహాద్రి, ఊపిరి వదిలి.

పిన్ని అక్కడే, ఆ కొత్త గోడకి జేరబడి చతికిలబడిపోయింది.