కరెంటు పోయిందనుకున్న మధ్యాహ్నం

మొన్న పని నడుస్తుండగానే నా కంప్యూటర్ తెర చీకటైంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. అంతలోనే సుజాతక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది. జగిత్యాలలో ఆమె నడిపిన చిన్న ఫోటో స్టూడియోలోనే నేను పని నేర్చుకున్నాను.

మాది సిరిసిల్ల, మరమగ్గాల ఇల్లు. కరెంటు పోగానే మెయిన్ స్విచ్ ఆపేయాలని నాన్న చిన్నప్పుడే నేర్పాడు. లేకపోతే కరెంటు వచ్చీ రాగానే మగ్గాలన్నీ ఒక్కసారిగా కదిలి దారాలు తెంపేస్తాయి. ఆ అలవాటే నా కొంప ముంచింది.

నేను పనిలో చేరిన కొత్తలో, పెగడపల్లి ఊరాయన మల్లేశం ఒకరోజు సాయంత్రం ఐదు గంటల బస్సెక్కి మస్కట్‌లో పనికి ప్రయాణం కట్టాడు. బిడ్డ మొదటి పుట్టినరోజు వీడియో వెంట తీసుకుపోవాలని అతని ఆశ. మళ్లీ ఆ పిల్లను చూసేది రెండేళ్లకే. వీడియో తయారవడానికి కంప్యూటర్‌కు మూడు గంటలు పడుతుంది కదా అని పదిన్నరకే మొదలుపెట్టి, ఒంటిగంటకు వెనక గదిలో అన్నం తిని వచ్చాను. తెర నల్లగా ఉంది. చలికాలం, పట్టపగలు; ఫ్యాను, లైటు ఏదీ వేయలేదు. సిరిసిల్లలో అయితే మగ్గాల చప్పుడే కరెంటు సంగతి చెప్పేది. ఇక్కడెవరు చెప్తారు? పోయి మెయిన్ స్విచ్ ఆపేశాను! పైగా తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

బయటికి వెళ్లిన సుజాతక్క అప్పుడే వచ్చింది. "కరెంటున్నది గదా పిల్లా, ఎందుకు బంద్ చేసినవ్?"

మళ్లీ వేసి చూస్తే వీడియో సగంలో తెగిపోయి ఉంది. ఏడుపు ఆగలేదు. "గాయన బస్సు ఎట్లక్కా?"

"ఏడ్వకు. అది నిద్రవోయింది, గంతే. లోపల ఎంత పని నడిచినా, మనం మౌస్ ముట్టకుంటే ఎవలు లేరనుకుంటది."

మౌస్ కదిపి ఉంటే లేచి పని అందుకునేదట. అక్క నిద్ర సెట్టింగు తీసేసి, ఒకటిన్నరకు మళ్లీ మొదలుపెట్టింది.

నాలుగింటికే మల్లేశం సంచులతో దిగాడు. "ఇంకా కాలేదా అక్కా?"

"నాదే తప్పన్నా. కంప్యూటర్ నిద్రవోకుంట పెట్టుమని పిల్లకు చెప్పలే," అంది అక్క.

నాలుగున్నర దాటాక వీడియో పూర్తయింది. బిడ్డ కేకులో చెయ్యి ముంచడం చూసి మల్లేశం పకపకా నవ్వాడు. "సాలక్కా, మిగిలింది ఆడ చూసుకుంట," అంటూ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్టాండుకు పరుగెత్తాడు. అమ్మయ్య! నాకు ప్రాణం లేచొచ్చింది.

"బంద్ చేసింది నేను గదక్కా, నీ మీదెందుకేసుకున్నవ్?"

"చెప్పంది నేను గదా. పా, చాయ్ తాగుదాం."

ఇప్పుడు కోరుట్లలో నాకూ ఒక స్టూడియో ఉంది. నా దగ్గర పనిచేసే అమ్మాయి చేతిలో ఏదైనా చెడిపోయి, వచ్చినవాళ్ల ముందు నిలబడితే, ఆమె నోరు తెరవకముందే అంటాను: "నాదే తప్పన్నా, నేనే చెప్పలే."